మూడు నెట్లకు సమాన న్యాయం

ఇంట్లో ఇంటర్నెట్ సరిగ్గా రాకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదు! నవ్వకండి. ఒక నెట్ రాకపోతే అది మామూలు అదృష్టం. మా ఇంట్లో మూడు నెట్లు ఉన్నా రావు. సిరిసిల్ల మొత్తంలో ఇంతటి యోగం ఇంకెవరికైనా ఉందా?

ఒకటి ఫైబర్, ఇంకొకటి కేబుల్ ఆయన ఇచ్చింది, మూడోది సిమ్ వేసుకునే డబ్బా. ఈ మూడింటినీ కలిపి పని పంచే రూటర్‌ను జగిత్యాలలో కొనుక్కొచ్చాను. ఒకటి పడుకుంటే ఇంకొకటి లేస్తుందని షాపతను చెప్పాడు. మూడూ కలిసి పడుకునే ఏర్పాటు కూడా ఉందని చెప్పలేదు, పాపం!

ఇంత ఆర్భాటం ఎందుకంటారా? మా తమ్ముడు జగదీశ్ కోసం. వాడు మస్కట్‌లో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. ఆ మధ్య పని దగ్గర పైనుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు మంచిగైందంటాడు. మా అమ్మ అంజవ్వ నమ్మదు. వాడు నడిచి చూపిస్తేనే నమ్ముతుందట. శుక్రవారం వాడికి సెలవు, ఆ రోజు వీడియో కాల్ చేస్తాడు.

"ఏదీ, లేశి జెర నడువు కొడుకా" అంటుంది అమ్మ. వాడు కుర్చీ మీద చెయ్యి ఆనిస్తాడు. అంతే, బొమ్మ ఆగిపోతుంది!

"నోరు తెరిశి గట్లనే ఉన్నడేందిరా? నొస్తుందా వానికి?"

"నొప్పి కాదే అవ్వా, నెట్టు!" అని నేను రూటర్ మీదికి దూకుతాను.

చూశారా, చేతినిండా పని! రూటర్ ఆపి మళ్లీ వేశాను. వైర్లు పీకి మార్చి గుచ్చాను. ముగ్గురు నెట్ వాళ్లకూ ఫోన్లు చేశాను. మా లైన్ బ్రహ్మాండంగా ఉంది, తప్పు పక్క లైన్‌ది అని ముగ్గురూ ఎంతో మర్యాదగా చెప్పారు. ఎవరి తప్పూ లేదని తేలాక కలిగే మనశ్శాంతి మీకేం తెలుసు?

నిజానికి తప్పు నాదే. ఏ లైన్‌కు ఎంత పని ఇవ్వాలని రూటర్ మొదట్లోనే నన్ను అడిగింది. మాది సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేసి బతికిన ఇల్లు. మా నాయన నూలు చుట్టిన బీములను కార్మికులందరికీ సమానంగా పంచేవాడు. ఒకరికి తక్కువైతే పంచాయితీ చాయ్ హోటల్ దాకా పోయేది. అలాంటి ఇంట్లో పుట్టి, ఉరికే ఫైబర్‌కూ పాకే సిమ్ డబ్బాకూ నేను తేడా చూపిస్తానా? సమాన వాటా ఇచ్చాను! కాల్ ఫైబర్ మీద హుషారుగా మొదలై, మధ్యలో సిమ్ మీదికి పోయి చతికిలబడేది.

ఈ సంగతి విని కోరుట్లలో ఉండే మా బామ్మర్ది సాయినాథ్ ఫోన్లోనే పడిపడి నవ్వాడు.

"నెట్ల కాడ గీ న్యాయమేంది బావా? ఫైబర్ ఒక్కటి ఉంచి కడుమయి పీకుర్రి!"

మనసు చంపుకుని మిగతా రెండూ పీకేశాను. పోయిన శుక్రవారం జగదీశ్ ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా కనబడ్డాడు. అమ్మ నడవమంది. వాడు కుర్చీ పట్టుకుని లేచాడు. బొమ్మ ఆగుతుందేమోనని కాసేపు చూశాడు. ఆగలేదు. ఇక తప్పక గోడ దాకా నడిచాడు, కుడికాలు ఈడ్చుకుంటూ.

"ఎందుకు బాగు చేసినవన్నా?" అన్నాడు తిరిగొచ్చి, మెల్లగా. "నీ రూటర్ గట్లనే ఉంటే మంచిగుండేది గద."

అమ్మ ఏడవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇంట్లకు మూడు నెట్లు తెచ్చినవ్. ఒక్క తమ్ముణ్ని తెచ్చుడు చాత కాలేదారా?"

వాడి పాస్‌పోర్టు అక్కడి కంపెనీ దగ్గరుంది. అడిగినప్పుడల్లా రేపంటున్నారట. ఆ మాట అమ్మతో అనే ధైర్యం నాకు లేదు. అయ్యా, నెట్ బాగు చేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వచ్చే శుక్రవారానికి దాన్ని చెడగొట్టేవాళ్లు మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?