తలంటు పూట సన్నధార

ఇంట్లో ఏది పాడైనా ప్లంబరుని పిలవడం శ్రీహర్ష వంశంలోనే లేదు. పాడైనదాన్ని ఇంకాస్త పాడుచేసి, ఆ తర్వాత కొత్తది కొనడం ఉంది. పద్నాలుగేళ్ళ కాపురంలో మొగుడి మీద ఉమామహేశ్వరికున్న ఫిర్యాదు ఇదొక్కటే. మిగతావన్నీ దీని పిల్లలు.

నరక చతుర్దశి పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి అందరికీ నువ్వులనూనె, ఏడింటికల్లా తలంట్లు, తొమ్మిదిన్నరకి పట్టుచీరలో కొడుకు క్లాసుకి వెళ్ళి దీపావళి గురించి చెప్పడం. టీచరుకి నెల క్రితమే మాటిచ్చింది.

తీరా నలుగురూ నెత్తిన గిన్నెడు నూనెతో నిలబడ్డాక షవర్లోంచి నూలుపోగంత ధార వచ్చింది.

"సాఫ్ట్‌నర్ పోయినట్టుంది," అన్నాడు శ్రీహర్ష సంతోషంగా. అమెరికాలో వాళ్ళుండే చాండ్లర్ ఊరి నీళ్ళకి కుళాయిలు గార కడతాయి కనక, ఉప్పు తిని నీళ్ళని మెత్తబరిచే ఆ మిషను వాళ్ళ గరాజ్‌లోనూ ఉంది.

ఉమామహేశ్వరి తండ్రి సూర్యప్రకాశరావు గారు విజయనగరం మునిసిపాలిటీలో ముప్పై ఏళ్ళు నీటి సరఫరా చూసి రిటైరైన మనిషి. తువ్వాలు కట్టుకుని గరాజ్‌లోకి వచ్చారు. "ముందు దాని వెనకేముందో చూద్దామా అల్లుడుగారూ?"

"ఇది అమెరికా సిస్టమ్ మావయ్యగారూ. మీరు రెస్ట్ తీసుకోండి."

ఆయన చెంబుతోనైనా కానిద్దామని పైకెళ్ళారు. శ్రీహర్ష మిషను ఫోటో తీసి కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఉప్పు గడ్డకట్టుంటుంది, పొడవమన్నారొకరు. చీపురుకర్రతో పొడిస్తే కర్ర విరిగి సగం ఉప్పులోనే ఉండిపోయింది. "రీజనరేట్ కొట్టు బ్రో" అన్నాడింకొకడు. ఆ బటన్ కొట్టాడు. మిషను గుడగుడలాడుతూ తనే తలంటు మొదలెట్టింది. మెయిన్ వాల్వ్ ఆపి చూడమన్నది మూడో సలహా. ఆపాడు.

పైనుంచి కేక. "అల్లుడుగారూ! కళ్ళల్లో సున్నిపిండండీ!"

కొడుకు విహాన్ నూనెతలతోనే స్కూల్ బస్సెక్కాడు. ఎక్కుతూ, "అమ్మా, నువ్వు మాత్రం ఇలా రావొద్దు, ప్లీజ్," అన్నాడు.

"మెయిన్ ఆపేశాను, చుక్క నీరు లేదు" అని శ్రీహర్ష గ్రూపులో రాశాడు. ఎదురింటి లక్ష్మీకాంతం గారు అందులో మొదటి ముక్క వదిలేసి, రెండోది మాత్రం పక్క వీధులకి పంపించారు.

ఎనిమిదింబావుకి సూర్యప్రకాశరావు గారు కళ్ళు తుడుచుకుంటూ కిందికొచ్చి, ఎవర్నీ అడక్కుండా మిషను వెనక్కి వంగారు. "ఈ మీట ఇటూ కాకుండా అటూ కాకుండా మధ్యలో ఉందేమిటండీ?"

"అదా..." అన్నాడు శ్రీహర్ష. "ఉప్పు నీళ్ళకి కరివేపాకు మొక్క వాడిపోతోందని, నీళ్ళు మిషన్లోకి పోకుండా నేనే తిప్పాను. పూర్తిగా తిప్పితే మనకి గార నీళ్ళొస్తాయి కదా. అందుకని సగం మొక్కకి, సగం మనకి."

మామగారు మీట పూర్తిగా నెట్టి, మెయిన్ తెరిచారు. ఇంట్లో కుళాయిలన్నీ హోరుమన్నాయి.

"మిషన్లోనే ఏదో గ్లిచ్," అన్నాడు శ్రీహర్ష.

ఉమామహేశ్వరి పరుగున వెళ్ళి తలకి కుంకుడు రసం పట్టించింది. నురగ చెవులు దాటేసరికి షవర్ మళ్ళీ నూలుపోగైంది.

"ఏవండీ! మళ్ళీ ఏం ముట్టుకున్నారు?"

"ఒట్టు, ఏమీ ముట్టుకోలేదు!" ఆ పొద్దుటికి అతను చెప్పిన మొదటి నిజం అదే. సిటీ నీళ్ళు ఆగిపోతున్నాయని గ్రూపులో అరవై మెసేజులుంటే, తలుపవతల నుంచే చదివి వినిపించాడు. వీధులు వీధులే టబ్బులు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ కుక్కర్లు నింపుకుంటున్నాయి. పూటకో గంట వచ్చే కుళాయి దగ్గర పెరిగినవాళ్ళు. నీళ్ళు ఆగిపోతాయంటే ఎందుకని అడగరు.

"సిటీ నీళ్ళు ఆగలేదని చెప్పండి వాళ్ళకి!"

"రాశాను. 'మరి మీకెందుకు రాలేదు' అంటున్నారు."

"అదే చెప్పండి."

"ఏది?"

"మీకు తెలుసు. టైప్ చేస్తే ఎవరూ చదవరు, వాయిస్ పెట్టండి. తొమ్మిదైంది, నా కళ్ళు మండిపోతున్నాయి."

తలుపవతల గొంతు సవరించుకోవడం వినిపించింది. "అందరికీ నమస్కారం. సిటీ నీళ్ళు ఆగలేదు. మా మిషనూ బాగానే ఉంది. మీట సగం తిప్పి వదిలేసింది నేను. తప్పు... నాదే."

వీధిలో కుళాయిలు ఒక్కొక్కటే కట్టేసినట్టున్నారు, షవర్ పుంజుకుంది. ఉమామహేశ్వరి మాత్రం, ఆ చివరి ముక్క నీళ్ళ చప్పుడులో సరిగా వినబడలేదని ఇంకోసారి చెప్పించుకుంది.