గుంటలు పూడ్చిన ఊరు

ఆ రోజు పొద్దున పెదనాన్న పెట్టుకున్న పని చాలా చిన్నది. తన సైకిల్ షాపు ముందున్న గుంటలో నాలుగు తట్టల ఇటుకముక్కలు పోయడం, పైన ఇంత మట్టి కప్పడం, కాళ్ళు కడుక్కుని టీ తాగడం. అంతే.

ఆయన నిజానికి ఒక్క పిల్లకే పెదనాన్న. తమ్ముడి కూతురు పాప రాళ్ళదారుల సైకిల్ పందెంలో దేశదేశాల వాళ్ళను వెనక్కి నెట్టి పతకం తెచ్చిన నాటి నుంచి ఊరు ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తోంది. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళూ పిలుస్తారు. మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ, ఇప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక పట్టాన తిరిగి చూడడు. పిల్లకు తొక్కడం నేర్పింది తనేనని ఆయన గట్టి నమ్మకం. నేర్పడమంటే, షాపు ముందు స్టూలు వేసుకు కూర్చుని, ఆ పిల్ల అటు పోయినా ఇటు వచ్చినా "తొక్కు, తొక్కు" అనడం.

పతకమైతే వచ్చింది గానీ షాపుకు గిరాకీ రాలేదు. ఇంటింటికీ మోటారు సైకిలు చేరాక పెదనాన్న చేతులకు గ్రీజు అంటడమే అరుదైపోయింది. నెలాఖరుకు షట్టరు దించేసి ఏదైనా గోదాములో కాపలాకు కుదురుకోమని భార్య తేల్చి చెప్పింది. సరిగ్గా అప్పుడే పాప ఫోన్ చేసింది. తన కోచ్ పిల్లలకు సైకిల్ శిక్షణ కేంద్రం పెట్టడానికి ఊరు వెతుకుతున్నాడట. పాప తొక్కి పెరిగిన వీధిని చూడడానికి ఆదివారం వస్తానన్నాడట. శిక్షణ కేంద్రమంటే సైకిళ్ళు. సైకిళ్ళంటే షాపు. చూడవస్తున్నారంటే వీధి చూడదగ్గట్టు ఉండొద్దూ అనుకుని పెదనాన్న తట్ట ఎత్తాడు.

గుంట నిండింది. అయితే అందులో కాపురమున్న నీళ్ళు ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. అవి మెల్లగా జరిగి పక్కనున్న సెలూన్ మెట్టు కింద చేరాయి. సెలూన్ ఆయన సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి కత్తితో సహా బయటికొచ్చాడు.

"నీ నీళ్ళు నా గుమ్మంలోకి తోలావేం పెదనాన్నా?"

"ఆదివారం పాప వాళ్ళ కోచ్ వస్తున్నాడు. రోడ్డు చూస్తాడట."

"చూస్తే నీ షాపు ముందే చూసి కళ్ళు మూసుకుంటాడా? మేమేం పాపం చేశాం?"

సెలూన్ ఆయన తన గుంట పూడ్చుకున్నాడు. నీళ్ళు ఇస్త్రీబండి కిందికి పోయాయి. ఇస్త్రీ ఆయన పూడ్చాడు. అవి పిండిమర ముందుకు పోయాయి. నీళ్ళతో పాటు మాట కూడా జరిగింది. సెలూన్ దగ్గర "రోడ్డు చూస్తాడట" అన్న మాట, ఇస్త్రీబండి దాటేసరికి "రోడ్డును బట్టే తేలుస్తాడట" అయింది. పిండిమర చేరేసరికి, ఒక్క గుంట కనబడినా కేంద్రం పక్క ఊరికి పోతుందన్నారు.

పక్క ఊరు అన్న మాట వినబడితే ఇక్కడ పడుకున్నవాడు కూడా లేచి చొక్కా తొడుక్కుంటాడు. రైలు అక్కడ ఆగుతుంది, ఇక్కడ కూత వేసి పోతుంది. ఆసుపత్రి అక్కడే, కాలేజీ అక్కడే. ఈ ఊరికంటూ మిగిలింది పాప ఒక్కతే. ఆమె కూడా వాళ్ళ పాలైతే ఇక తల ఎక్కడ పెట్టుకోవాలని పిండిమర ఆమె నేరుగా మునిసిపల్ చైర్మన్ ఇంటికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి విన్నపాలు అందుకుని, వాటి మీద కళ్ళజోడు పెట్టుకుంటూ వచ్చిన చైర్మన్, పక్క ఊరి పేరు చెవిన పడగానే కుర్చీలోంచి లేచాడు.

మర్నాడు కంకర వచ్చింది. వెనకే తారు పీపాలు. ఆ వెనక, ఊళ్ళో పిల్లలు బొమ్మల్లో తప్ప చూసి ఎరగని రోడ్డు రోలరు. పెదనాన్న దాని పక్కనే నడుస్తూ డ్రైవరుకు "తొక్కు, తొక్కు" అని నేర్పాడు. మధ్యలో పాప ఫోన్ చేసి వీధి ఎలా ఉందని అడిగింది. కొంగున మూట దాచుకున్నట్టు "వచ్చి చూడు" అని మాత్రం అన్నాడు. శనివారం సాయంత్రానికి వీధి నల్లగా, నున్నగా నిగనిగలాడింది. ముసలివాళ్ళు పనిలేకపోయినా అటూ ఇటూ నడిచారు. చెప్పులు పాడవుతాయని కాదు, రోడ్డు పాడవుతుందని కొందరు చెప్పులు చేత పట్టుకున్నారు. ఒక్క ఆడపిల్ల ఊరి తలరాత మార్చేసిందని చైర్మన్ మైకు లేకుండానే ప్రకటించాడు.

ఆదివారం కోచ్ కారు దిగాడు. పాప దిగి, పెదనాన్న వైపు రాబోతూ రోడ్డు చూసి ఆగిపోయింది. కోచ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"ఇదేనా ఆ వీధి?"

"ఇదే సార్. గుంట చూపించండి, మీసం తీసేస్తాను," అన్నాడు చైర్మన్.

"నేను వచ్చింది గుంటల కోసమే," అన్నాడు కోచ్. నున్నటి రోడ్డు ఎక్కడైనా ఉంటుందనీ, ఈ అమ్మాయి బ్రేకు ముట్టకుండా గుంటల మధ్య దూసుకుపోవడం ఎక్కడ అబ్బిందో చూసి అక్కడే పిల్లలకు నేర్పుదామనుకున్నాననీ చెప్పాడు.

రేపటికల్లా తవ్విస్తానన్నాడు చైర్మన్. తవ్విన గుంట పనికిరాదట. వానలకూ లారీలకూ దానంతటది పడ్డ గుంటయితేనే ఒకదాన్నొకటి పోలకుండా ఉంటుందట. కోచ్ నడుం పట్టుకుని, దారిలో ఒక ఊరొచ్చిందనీ, అక్కడ తన తల కారు కప్పుకు కొట్టుకుందనీ, అది బాగుందనీ అన్నాడు. ఏ ఊరని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

మొదటి తట్ట ఎవరు పోశారని చైర్మన్ మెల్లగా అడిగాడు.

"ఈ సైకిల్ షాపాయనే," అన్నాడు సెలూన్ ఆయన. అంత తేలిగ్గా ఊడిపోయింది పెదనాన్న అన్న పిలుపు.

ఆయన షట్టరుకు ఆనుకుని నిలబడ్డాడు. గోదాము తలుపు కళ్ళముందు కనబడింది. పిల్లకు నేర్పింది తను కాదు, గుంటలు. ఆ గుంటల్ని పూడ్చింది మాత్రం తను.

పాప వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"గుంటలు ఏ ఊళ్ళో లేవు సార్? వాటిల్లో పడి రోజూ చక్రం వంకర చేసుకుని వచ్చేదాన్ని. పొద్దునకల్లా సరిచేసి పెట్టేవాడు మా పెదనాన్న. ఒక్కరోజు కూడా నన్ను తొక్కడం మానమనలేదు. ఆ చెయ్యి లేకపోతే మొదటి గుంటతోనే నా సైకిలు అటకెక్కేది."

కోచ్ షాపులోకి వెళ్ళాడు. కొక్కేనికి వేలాడుతున్న పాత చక్రాన్ని వేలితో తిప్పాడు. అది చాలాసేపు ఏ వంకరా లేకుండా తిరిగింది.

శిక్షణ కేంద్రం పక్క ఊరికే పోయింది. వాళ్ళు బాణసంచా కాల్చాక గానీ షరతు చదువుకోలేదు. కేంద్రం ఉన్నంతకాలం ఆ ఊళ్ళో ఏ రోడ్డూ మరమ్మతు చేయకూడదు. సాయంత్రమయితే అక్కడివాళ్ళు నడుములు పట్టుకుని ఇక్కడి వీధిలో నడవడానికి వస్తారు. వాళ్ళ వెనకే వంకర చక్రాలు నింపుకుని కేంద్రం వ్యాను వచ్చి షాపు ముందు ఆగుతుంది. భార్య పానాలు అందిస్తుంటుంది. గోదాము మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

పేరున్న క్రీడాకారులు ఊరి తలరాత మార్చగలరా అని ఎవరైనా అడిగితే, పెదనాన్న తలెత్తకుండా స్పోకు బిగిస్తూనే, "ఏ ఊరిది?" అంటాడు.