తాబేలు గట్టెక్కిన పూట

పెరడు తనది, అందులో నీళ్లగుంట తనది, కుర్చీ తనది. అయినా ఆ ఉదయం మస్తానయ్యను తన కుర్చీలో కుదురుగా కూర్చోనిస్తే ఒట్టు!

గుంటలో ఎక్కడినుంచో తాబేళ్లు వచ్చి కాపురం పెట్టాయి. వాటిలో పెద్దది రోజూ గట్టెక్కడం, వెనక కాళ్లతో మట్టి గీరడం, చిన్న అలికిడికే నీళ్లలోకి జారిపోవడం. గుడ్లు పెట్టే చోటు వెతుకుతోందని మస్తానయ్యకు అర్థమైంది. ఆ వేడుక కళ్లారా చూడాలని తెల్లవారగానే గుంట పక్కన కదలకుండా కూర్చున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మస్తానయ్య నోరు మూసుకుని ఉండగా మైపాడులో చూసినవాళ్లు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పక్కింటి ముంతాజ్ బేగం గోడమీదుగా, "టీ తాగినావా అన్నా?" అంది. సరిగ్గా అప్పుడే తాబేలు తల బయటపెట్టింది. మస్తానయ్య పలకలేదు. బదులిస్తే అరగంట వదలని మనిషాయె!

"యా అల్లా! ఇందిరక్కా, అన్న పోయినాడు!"

మస్తానయ్య భార్య ఇందిరమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. అరుపుకు మునిగిన తాబేలు మళ్లీ తేలి గట్టు మీద కాలు పెట్టింది. మస్తానయ్య పెదవి కదపకుండా, "అరవబాకండి" అని గొణిగాడు.

"మూలుగుతుండాడక్కా! పక్షవాతం!"

చచ్చినవాడు పక్షవాతానికి వచ్చాడు, అంతవరకు నయమే. కానీ వీధి వీధంతా పెరట్లో పడింది. ఒకరు అరికాళ్లు రుద్దారు, ఇంకొకరు ముఖాన నీళ్లు కొట్టారు. అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. అంతదాకా గట్టు అంచున నక్కి ఉన్న తాబేలు బుడుంగున మునిగింది.

మస్తానయ్య చివాలున లేచాడు. "బుద్ధుండాదా మీకు? నా పెరట్లో నేను కూర్చునేదానికి ఊరందరికీ చెప్పాల్నా? బంగారమట్టాంటి తాబేలును బెదరగొట్టినారు గదా!"

"అయ్యో, మతి కూడా చెదిరింది!" అని ఇందిరమ్మ ఘొల్లుమంది. నలుగురూ పట్టి అతన్ని అంబులెన్సులోకి ఎక్కించారు. ఇంటికి కాపలాగా ముంతాజ్ బేగం మిగిలింది.

నెల్లూరు డాక్టరు ఏ జబ్బూ లేదని పంపేస్తే, మధ్యాహ్నానికి మస్తానయ్య కుతకుతలాడుతూ ఇల్లు చేరాడు. పెరట్లో అతని కుర్చీలో ముంతాజ్ బేగం బిగుసుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మా, నువ్వెప్పుడు పోయినావు?"

ఆమె మెల్లగా ఊపిరి వదిలింది. "ఇప్పుడే గుడ్లు పెట్టి, మట్టి కప్పి, నీళ్లలోకి పోయిందన్నా. ఎంత బాగుండిందో!"

"ఒక్క ఫోను చేసుంటే ఎగిరొచ్చేవాణ్ణి గదా!"

"ఎట్ట చేసేది? నోరు తెరిస్తే బెదిరిపోదా?" అంది ముంతాజ్ బేగం, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

లోకంలో న్యాయం ఉందనేవాళ్లను మస్తానయ్య ఆనాటినుంచి పెరట్లోకి రానివ్వడం లేదు.