పవిత్ర నాయన బతికే ఉన్నాడట

పోయినవాళ్ల మీద ఫిర్యాదు చేయకూడదు గానీ, ప్రమీలకు తన అన్న నల్లప్ప మీద ఒకటుంది: బతికినన్నాళ్లూ కన్నకూతురి చేత ‘నాయనా’ అని పిలిపించుకోలేదు.

ఇందులో ప్రమీల పాత్రే ఎక్కువని గిట్టనివాళ్లు అంటారు. పెళ్లయి హిందూపురం పోయేదాకా పెనుకొండ ఇంట్లో ‘అన్నా, వదినా, నాయనా’ అని గొంతు చించుకున్నది బీఏ చదివిన ఆమే. ఆ గొంతు వింటూ నల్లప్ప కూతురు పవిత్ర మాటలు నేర్చింది. కనుక పవిత్రకు తండ్రి అన్న, తల్లి ఆదిలక్ష్మి వదిన, తాత ఉలిగప్ప నాయన. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రభుత్వానికే వచ్చింది.

ధర్మవరం పోయి మగ్గం నేసొచ్చే నల్లప్ప చనిపోయాక, తండ్రి లేని పిల్లలకు సర్కారిచ్చే నెలసరి సాయానికి ఆదిలక్ష్మి అర్జీ పెట్టింది. అది రాకుంటే పవిత్ర బడి మానేసి శెనక్కాయలు ఒలవడానికి పోవాల్సిందే. విచారణకు తిమ్మరాజుగారనే అధికారి వేంచేశారు.

“పాపా, మీ నాయన యాడ?”

“అరుగు మీద ఎండ కాగుతాండాడు సార్.”

ఉలిగప్ప లేచి దండం కూడా పెట్టాడు.

“మరి పోయిందెవరు?”

“మా అన్న.”

తండ్రి సజీవుడనీ, బాలిక వదిన పోషణలో ఉందనీ, అన్నలు పోయినందుకు ఏ పథకమూ లేదనీ తిమ్మరాజుగారు రాసుకున్నారు. పన్నెండేళ్ల పిల్లకు డెబ్బై దాటిన తండ్రి ఉండటం ఆయన్ను కలవరపెట్టలేదు. అంతకంటే పెద్ద వింతల మీద ఆయన సంతకం చేసి ఉన్నారు.

కబురు విని ప్రమీల బీఏను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఇంగ్లీషులో అభ్యంతరం రాసింది; అంత చక్కగా ఉండటంతో ఎవరూ చదవలేదు. ఆదిలక్ష్మి పోయి ఆఫీసు వాకిట్లో ఏడిస్తే మళ్లీ విచారణకు ఒప్పుకున్నారు.

ప్రమీల పవిత్రను నల్లప్ప ఫోటో ముందు కూర్చోబెట్టింది. “అన్న కాదే, నాయన అనల్ల.”

“ఇప్పుడు పిలిస్తే పలుకుతాడా అత్తా?”

బీఏలో ఆ పాఠం లేదు.

తిమ్మరాజుగారు మళ్లీ వచ్చారు. మరణపత్రం చూపిస్తే పక్కకు నెట్టి, “కాగితం అబద్ధమాడొచ్చమ్మా, పసినోరు ఆడదు. పిలుపే ప్రమాణం!” అని ఉపన్యసించారు. ఇంతలో ఆయన ఫోను మోగింది. చేతినిండా ఫైళ్లు. స్పీకరు నొక్కారు.

“మామా, యాడుండావ్? వచ్చేటప్పుడు బొరుగులు తేప్పా!” పసిగొంతు.

“మేనల్లుడా సార్?” అంది ప్రమీల, మర్యాదగా.

“కొడుకు. వాళ్లమ్మ నన్ను మామా అంటాది, అది విని వాడు కూడా...”

“అయ్యో పాపం! ఆ బిడ్డ నాయన యాడుండాడో విచారిస్తిరా సార్?”

అరుగు మీద ఉలిగప్పకు దగ్గొచ్చింది. తిమ్మరాజుగారు పవిత్ర వంక చూసి, తన రిపోర్టు మీద అడ్డంగా గీత కొట్టారు.

“తప్పు నాదేలేమ్మా.”