మంత్రిగారు మూసిన కన్నం

“కన్నం లేని టోంగాయే నా కల!” అని టోంగా దీవుల వాననీటి మంత్రి ఫాకాలెలుగారు రేడియోలో ప్రకటించిన రోజున కళ్ళు చెమర్చని పౌరుడు లేడు. ఊరూరా సిమెంటు నీళ్ళ ట్యాంకులకు ఎప్పుడో పైపుల కోసం కన్నాలు పెట్టారు. పైపులు పోయాయి, కన్నాలు మిగిలాయి. వాటిని మూయాలన్న ఆలోచన ఇంతవరకూ ఏ మంత్రికీ రాలేదు. ఆ మహత్కార్యానికి శ్రీకారం ఫువాలోఫా ఊరి ట్యాంకుతోనే అని తేలింది.

ఆ ఊరి నీటి కమిటీ పెద్ద కలొలైనెకి గర్వంతోపాటు గుబులూ పుట్టింది. వానలు మొహం చాటేసి చాలాకాలమైంది. ట్యాంకులో సగం నీళ్ళున్నాయి, ఊరంతా వాటితోనే గొంతు తడుపుకుంటోంది. కన్నం మోకాలెత్తున ఉంది. సీమపనస కర్రతో బిరడా చెక్కి, దానికి పాతగుడ్డ చుట్టి, ఆమే బిగించింది. చుక్క కారదు.

ముందురోజు ఏర్పాట్లు చూడ్డానికొచ్చిన ఆఫీసర్ ఫినియాసి ఆ బిరడా చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఇదేంటి పిన్నీ, మూసేశారా?”

“మూయక? నీళ్ళు పోవూ!”

“మీరే మూసేస్తే ఇక మంత్రిగారేం మూస్తారు? ‘కారుతున్న కన్నం’ అని ఆహ్వానపత్రికలో అచ్చు కూడా వేయించాం.”

“సరే నాయనా, ఆయన తాపీ చేతబట్టగానే బిరడా పీకుతాలే.”

“కెమెరా వాళ్ళకి మొదట్నించీ కారుతూ కనబడాలి పిన్నీ. ఎంతసేపని? చిన్న ఉపన్యాసమే.”

మర్నాడు ఊరంతా చాపలు పరుచుకు కూర్చుంది. కాల్చిన పంది, కవా పానీయం, బ్యాండు, అన్నీ అమిరాయి. ఫినియాసి బిరడా పీకాడు. ధార విల్లులా వంగి బ్రహ్మాండంగా పడింది. మంత్రిగారు లేచారు.

వారి మర్యాద గురించి చెప్పుకోవాలి. అసలు మాటకు ముందు దొరలకు, పాస్టర్లకు, ఊరి పెద్దలకు పేరుపేరునా వందనాలు చెప్పారు. పరలోకానికి వెళ్ళిపోయిన పాస్టర్లను కూడా మరిచిపోలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చాపమీంచి లేవడం మహా తప్పు. కలొలైనె లేవలేక ఫినియాసి చెయ్యి గిల్లింది.

“బాబ్బాబు, ఆ బిరడా పెట్టెయ్యరా!”

“ఆయనింకా పాస్టర్ల దగ్గరే ఉన్నారు పిన్నీ. ఇప్పుడు లేస్తే నా ఉద్యోగం ఊడుతుంది.”

“నీ ఉద్యోగం సంగతలా ఉంచు, ఊరి నీళ్ళు పోతున్నాయిరా!”

“ఫోటోల్లో ఎంత బాగా పడుతోందో చూడండి.”

మంత్రిగారు తమ బాల్యంలోకి వెళ్ళేసరికి ధార సన్నబడింది. ప్రతి నీటిబొట్టూ ప్రాణమేనని గద్గదంగా అన్నప్పుడు బొట్లుగా మారింది. తాపీ అందుకునేటప్పటికి అదీ ఆగింది. కలొలైనెకి ఏడుపొచ్చింది. మంత్రిగారి మాటలకే అనుకుని పక్కావిడ ఓదార్చింది.

మంత్రిగారు కన్నంలో సిమెంటు కూరి, వంగి పరిశీలించారు.

“చూశారా! చుక్క కారడం లేదు!”

చప్పట్లు మోగాయి. చేతులు కడుక్కుందామని ఆయన కుళాయి తిప్పారు. కుళాయి కన్నం కంటే జానెడు పైన ఉంది. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

“దీనికేమైందమ్మా?”

“తమరు గట్టిగా మూశారు కదండీ,” అంది కలొలైనె.

ఫినియాసి కారులోంచి సీసా నీళ్ళు తెచ్చి వారి చేతులు కడిగించాడు.

సాయంత్రం కలొలైనె పక్కూళ్ళో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది.

“రేపు మీ ఊరేనే. బిరడా జోలికి ఎవర్నీ పోనివ్వకు. ట్యాంకుకి బాగా పైన, నీళ్ళందని చోట, ఇంకో కన్నం కొట్టించు.”

“నీళ్ళందకపోతే ఎలా కారుతుందక్కా?”

“లోపల్నించి ఒక చెంబుడు పోయించు. ఆయన అటు ఒక్కసారే చూస్తారు.”

కార్యక్రమం దిగ్విజయంగా సాగుతోంది. మంత్రిగారు దీవి దీవికీ వెళ్ళి కన్నాలు మూస్తున్నారు. వారొచ్చే ముందురోజు కన్నాలు కొట్టడానికి మేస్త్రీలు దొరకడం లేదు. ఫువాలోఫా ఆడవాళ్ళు మాత్రం, ట్యాంకు అడుగున మిగిలిన బురదనీళ్ళు తాగలేక, పక్కూరి నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకుంటున్నారు. వాళ్ళ ట్యాంకు ఈనాటికీ చుక్క కారడం లేదు.