పదకొండేళ్ల ఏడు

"మన నేలలో ఉన్న సీసం ఇకపై అంగుళం కూడా కదలదు" అని పర్యావరణ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు. ఒక లోహాన్ని ఇంత గట్టిగా మందలించిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు. పక్కనే ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో అసిస్టెంటుని. మంత్రిగారి ధైర్యమంతా ఒక కంప్యూటర్ మోడల్. దాన్ని తయారుచేసిన సైంటిస్టుని మేమంతా మోడల్ మేడం అంటాం. పాత బ్యాటరీల ఫ్యాక్టరీ వెనక వీధిలో మట్టినిండా సీసమే. నీళ్ల పులుపు కొలిచే మీటరు ఏడు చూపిస్తే, సీసం మట్టిని కరుచుకుని ఉంటుందట. అంకె తగ్గేకొద్దీ నీళ్లు పులుస్తాయి, సీసం వదులై బావుల్లోకి దిగుతుంది. ఎంత దిగుతుందో మోడల్ లెక్కకట్టి చెబుతుంది.

"మరి మన బావుల్లో ఎంత?" అన్నారు మంత్రిగారు.

"రిజిస్టర్ ప్రకారం ఏడండి. అన్ని బావుల్లో, ప్రతి నెలా, పదకొండేళ్లుగా ఏడే. వానాకాలంలో కూడా." మేడం గొంతులో ఏదో అనుమానం.

"క్రమశిక్షణంటే అదీ. మా పార్టీలో పదకొండు రోజులు ఒకేచోట ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

ఆ రిజిస్టర్ రాసేది నేనే. ఛాతీ రెండంగుళాలు పొంగింది.

మర్నాడే ఆ వీధికొచ్చే మంచినీళ్ల ట్యాంకర్ ఆపేశారు. బావుల్లో నీళ్లు అంత బుద్ధిగా ఉంటే ట్యాంకరెందుకు? మా చెల్లెలు ఉండేది ఆ వీధిలోనే, నాలుగేళ్ల కూతురితో. ఫోన్ చేసింది.

"అన్నయ్యా, బావి నీళ్లు తాగొచ్చా?"

"నేను కొలిచిన నీళ్లే. నిక్షేపంగా తాగండి."

"నువ్వు చెప్పాక ఇంకేం."

ఆ మధ్యాహ్నం మేడం ల్యాబ్‌కి వచ్చింది. "ఒకసారి నా ముందు కొలవండి" అంది. ఆ వీధి నీళ్లు గ్లాసులో పోసి, మీటరు చూసి, "ఏడు" అన్నాను.

"మీటరు వైరు చివరుండే పుల్ల ఏదీ?"

"దాని బుడ్డిలో ఉంది మేడం."

"గ్లాసులో ముంచరా?"

"బయటికి తీస్తే ఎండిపోతుందండీ. కొత్తది రావాలంటే మూడేళ్లు. తియ్యనని నాకు ముందున్నాయన రిటైరవుతూ ఒట్టు వేయించుకున్నాడు."

మేడం బుడ్డి మీద చీటీ చదివింది. మీటరు సరిచూసుకునే ద్రావణం, ఏడు అని రాసుంది. పుల్ల బయటికి లాగి, కడిగి, గ్లాసులో ముంచింది. నాలుగు పాయింట్ ఎనిమిది. ఆ అంకె మోడల్‌కి ఇవ్వగానే స్క్రీన్ మీద మా చెల్లెలి వీధి ఎర్రబడిపోయింది.

ఇద్దరం మంత్రిగారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పుల్ల బుడ్డిలో ఉన్నన్నాళ్లూ ఏమైనా గొడవొచ్చిందా?"

"లేదండీ" అన్నాను.

"బయటికి తీసిందెవరు?"

మేడం చెయ్యెత్తింది.

"చూశారా, సమస్య ఎక్కడ మొదలైందో."

సాయంత్రానికల్లా బుడ్డికి సీలు పడింది, మేడాన్ని గాలి విభాగానికి మార్చారు, నాకు ఉత్తమ ఉద్యోగి పతకం ప్రకటించారు. నా ప్రమోషన్ ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉందని పీఏ ప్రేమగా గుర్తుచేశాడు. చెల్లెలికి ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. భయమేసింది, అంతే.

సభ రోజు మంత్రిగారు స్వయంగా పతకం తగిలించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నదెవరా అని చూస్తే, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న మా చెల్లెలు. దిగొచ్చి దాని పక్కన కూర్చున్నాను. సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసింది.

"ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నావు, తాగన్నయ్యా. మా బావివే."

"దాహంగా లేదు" అన్నాను.

"అయితే నాకు" అని మేనకోడలు చెయ్యి చాపింది. చెల్లెలు మూత తీసి దానికిచ్చింది. మైకులో మంత్రిగారు నా నిజాయితీ గురించి చెబుతున్నారు. మధ్యలో మాట్లాడితే బాగుండదని ఊరుకున్నాను.