మా అత్తగారి టొమాటో వాటాలు

ముందే చెబుతున్నాను, మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తాను. దెచ్కో, నీకే చెబుతున్నా. ఆ గ్లాసు కింద పెట్టి విను.

నేను లెక్కలు రాసే పొద్దుతిరుగుడు నూనె మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటున్న సంగతి మీ అందరికీ తెలుసు. ఇల్లు మా అత్తగారు గ్రోజ్దాంకాది. మా ఆవిడ ఇస్క్రా మందుల షాపులో పనిచేస్తుంది. ఇక నా పనల్లా అత్తగారి కళ్ళబడకుండా తిరగడం. రెండు గదుల ఫ్లాటులో అదేమీ తేలికైన ఉద్యోగం కాదు.

అలాంటి రోజుల్లో ద్రాగ్నెవ్ అండ్ పార్ట్‌నర్స్ అనే ఆడిట్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అద్దాల మేడల్లో ఉండే పెద్ద కంపెనీలు నలభై దాటినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వవు. ఒక గది, ఒక కుర్చీతో నడిచే చిన్నవాటికి రెండో మనిషి అక్కర్లేదు. ఇది మధ్యరకం. నేనూ మధ్యరకమే. ఇది తప్పిపోతే మళ్ళీ ఇంకో పిలుపు రాదని నాకు తెలుసు.

బయల్దేరే ముందు గుమ్మం ముందు నీళ్ళు పొయ్యాలి కదా, వెళ్ళిన పని నీళ్ళలా సాఫీగా సాగాలని. అందరిళ్ళలో గ్లాసుడు పోస్తారు. మా అత్తగారు బకెట్టు బోర్లించారు.

"అత్తయ్యా, గ్లాసు చాలదా?"

"మామూలువాళ్ళకి చాలుతుంది అల్లుడూ. నీకు బకెట్టు కావాలి."

అలా తడిసిన సాక్సులతో ఇంటర్వ్యూలో కూర్చున్నాను. కాలు కదిపితే బూటు కప్పలా అరుస్తోంది. అందుకని కదలకుండా బిగుసుకుపోయాను. ఎదురుగా వెల్కోవా మేడమ్. ముక్కు మీద కళ్ళజోడు, దాని మీంచి చూపు.

"పని ఎక్కువుండే నెలల్లో రాత్రి దాకా ఉండగలరా?"

"ఇంట్లో మా అత్తగారున్నారు మేడమ్. ఎంతసేపైనా ఉండగలను."

ఆవిడ నవ్వారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో ఆవిడ గొంతు సవరించుకుని, "ఇంకొక్క విషయం. మేం లెక్కలు తనిఖీ చేసే కంపెనీల్లో మీకు గానీ, మీ ఇంట్లోవాళ్ళకి గానీ వాటాలు ఉండకూడదు. సోమవారం వచ్చి ఆ మాట మీద సంతకం పెట్టండి, చేరిపోదురు గాని," అని ఆ కంపెనీల పేర్లు చదివారు. ఊరి చివర టొమాటో డబ్బాల ఫ్యాక్టరీ పేరు వినగానే నా పని అయిపోయిందనుకున్నాను.

ఎందుకంటే, సర్కారు తన ఫ్యాక్టరీలను వదిలించుకుంటూ జనానికి వాటాల కూపన్లు పంచిపెట్టిన రోజుల్లో అందరూ వాటిని ఎవడో చెప్పాడని ఎక్కడో పెట్టి పోగొట్టుకుంటే, మా అత్తగారు మాత్రం తాను మూతలు బిగించిన ఫ్యాక్టరీలోనే వాటాలు తీసుకున్నారు. ప్రతి జూన్‌లో ఊదారంగు టోపీ పెట్టుకుని వాటాదారుల సమావేశానికి వెళ్తారు. మిరపకాయ పచ్చడిలో ఉప్పెందుకు పెరిగిందో చెప్పమని డైరెక్టరుని నిలదీస్తారు. ఆ వాటాలు అమ్మితే ఒక పూట కూరగాయలు వస్తాయేమో. కానీ అవి లేకపోతే ఆ టోపీ పెట్టుకోవడానికి చోటుండదు.

'ఇంట్లోవాళ్ళంటే ఎవరెవరు మేడమ్' అని ఒక్క ముక్క అడిగితే పోయేది. ఈ మాత్రం తెలియనివాడు ఆడిటరేంటి అనుకుంటారేమోనని సిగ్గేసింది. అన్నీ తెలిసినవాడిలా తల ఊపి, కప్పల చప్పుడు చేసుకుంటూ బయటపడ్డాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. "వచ్చిందా?"

"వచ్చినట్టే."

"వచ్చినట్టే అంటే వచ్చినట్టా, రానట్టా?"

"సోమవారం సంతకం."

అంతకుమించి చెప్పలేదు. దానికి చెబితే వాళ్ళమ్మకి చెబుతుంది. ఆవిడకి తెలిస్తే 'నా వాటాలు పోవాలా, నీ ఉద్యోగం పోవాలా' అనే ప్రశ్న వస్తుంది. జవాబు నాకు ముందే తెలుసు. అందుకని ఒక ఎత్తు వేశాను. మెల్లగా మాటల్లో పెట్టి, ఆ వాటాలు బుర్గాస్‌లో ఉన్న మా బావమరిది రుమెన్ పేరు మీదికి మార్పించేయాలి. వాడు ఈ ఇంట్లో ఉండడు కాబట్టి గొడవ తీరిపోతుంది.

మర్నాడు అంట్లు తోమాను. బాల్కనీ ఊడ్చాను. అత్తగారికి చాక్లెట్ల పెట్టె తెచ్చి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీని మీద ఎక్స్‌పైరీ ఎప్పుడుంది?"

"కొత్తదే అత్తయ్యా. ఊరికే తెచ్చాను. మీరు ఈ వయసులో ప్రతి జూన్‌లో బస్సెక్కి ఆ సమావేశాలకి వెళ్తుంటే నా మనసు ఉసూరుమంటోంది. ఆ వాటాలేవో పిల్లలకి ఇచ్చేస్తే హాయిగా కూర్చోవచ్చు కదా."

"పిల్లలంటే?"

"రుమెన్ ఉన్నాడుగా. మగపిల్లాడు, వంశాన్ని నిలిపేవాడు."

"పోయిన పండక్కి ఫోనైనా చెయ్యలేదు, వాడేనా?"

"దూరాన ఉన్న పిల్లల మీదే ప్రేమ ఎక్కువుండాలి అత్తయ్యా."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసి, ఒక చాక్లెట్టు నోట్లో వేసుకుని, "ఆలోచిస్తాను," అన్నారు. పాచిక పారిందని మురిసిపోయాను. శుక్రవారం ఆవిడ టోపీ పెట్టుకుని బయటికి వెళ్తుంటే లిఫ్టు దాకా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాను.

ఆదివారం భోజనాల దగ్గర చిక్కుడు గింజల సూపు వడ్డిస్తూ అన్నారు. "నువ్వు చెప్పింది బాగానే ఉంది అల్లుడూ. వాటాలు మార్చేశాను."

"నిండు నూరేళ్ళూ చల్లగా ఉండండి అత్తయ్యా. రుమెన్‌కి చెప్పారా?"

"వాడెందుకు? ఇస్క్రా పేరు మీద రాయించాను. నన్ను చూసేది అదేగా."

సూపు కొరబోయింది. మా ఆవిడ వీపు మీద గుద్దింది, కాస్త అవసరానికి మించే గుద్దింది.

ఇప్పుడు చెప్పండి. అత్తగారి వాటాలంటే ఏదో పక్కవాళ్ళవని నోటితో నెట్టుకురావచ్చు. సొంత పెళ్ళాం పేరు మీదుంటే ఇంక దాచేదేముంది? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సాయంత్రం మా ఆవిణ్ణి వంటింట్లో పట్టుకున్నాను.

"ఇస్క్రా, ఆ వాటాలు మీ తమ్ముడికి ఇచ్చెయ్యి."

"మా అమ్మ ముచ్చటపడి ఇచ్చినవి. నేనెందుకిస్తాను?"

"పోనీ అమ్మెయ్యి."

"జూన్‌లో నేనేం పెట్టుకుని వెళ్ళాలో అమ్మ అప్పుడే చెప్పింది కూడా."

ఇంక నాకు మతి పనిచెయ్యలేదు. "అయితే ఒక పని చేద్దాం. ఊరికే, పైపైకి, విడాకులు తీసుకుందాం. ఒక్క ఏడాది."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఏడాదే ఎందుకు? తీసుకునేదేదో పూర్తిగానే తీసుకో."

"కోపం తెచ్చుకోకు. ప్రేమతోనే అంటున్నా."

"నేనూ ప్రేమతోనే అంటున్నా. బట్టలు సర్దమంటావా?"

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆ బూడిదరంగు స్వెట్టరు మాత్రం ఇక్కడే వదలమను. అది నేను అల్లింది."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. వెళ్ళి గదిలో తలుపేసుకున్నాను. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను. ఉద్యోగం పోతే పోనీ, ఈ ముసలావిడ ఇంట్లో ఆవిడ తిండి తింటూ ఎన్నాళ్ళు బతకాలి అని నిజంగానే ఏడుపొచ్చింది. అబద్ధం మీద సంతకం పెడదామా అని కూడా అనిపించింది. కానీ లెక్కలు చూడబోయేవాడు మొదటి సంతకమే దొంగది పెడితే ఎలా? అది నావల్ల కాలేదు.

సోమవారం వెల్కోవా మేడమ్ ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా కక్కేశాను. అత్తగారు, వాటాలు, చాక్లెట్లు, బుర్గాస్, విడాకులు అన్నీ చెప్పేసి, "నన్ను క్షమించండి మేడమ్. నేను సంతకం పెట్టలేను," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అత్తగారు మా లెక్కలోకి రారండి. భార్య వస్తుంది, మీరు పోషించేవాళ్ళు వస్తారు. మీ అత్తగార్ని మీరు పోషిస్తున్నారా?"

"లేదు మేడమ్. ఆవిడే నన్ను..."

"ఆ సంగతి నాకు తెలుసు."

"మీకెలా తెలుసు?"

"ఆవిడ శుక్రవారం ఇక్కడికొచ్చారు. ఊదారంగు టోపీతో. 'ఇక్కణ్ణుంచి వచ్చిన దగ్గర్నుంచి మా అల్లుడు అంట్లు తోముతున్నాడు, మీరేం చెప్పారో చెప్పండి' అని అడిగారు. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మా నిబంధన చెప్పాను. 'అయితే నా వాటాలు నా పేరు మీదే ఉంటాయి, వాణ్ణి మాత్రం సోమవారం దాకా కాస్త ఉడకనివ్వండి' అన్నారు."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఇస్క్రా పేరు మీద రాయించిందీ లేదు, ఏమీ లేదు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిసి నన్ను సూపులో వేసి ఉడకబెట్టారు.

"మీకు మా అత్తగారు ముందే తెలుసా మేడమ్?"

"తెలియకపోవడమేంటి? ఏటా జూన్‌లో ఆ సమావేశంలో మా నివేదిక చదివేది నేనే. ఆవిడ చెయ్యెత్తితే మావాళ్ళకి చెమటలు పడతాయి." ఆవిడ కాగితం నా ముందుకి జరిపారు. "అబద్ధం సంతకం పెట్టనన్నారు కాబట్టి మీరు మాకు కావాలి. ఆ ఫ్యాక్టరీ పని మాత్రం మీకివ్వం. కానీ ఒక మాట. ఈ ఉద్యోగమంతా అడగడమే. అడగాల్సింది అడగడానికి మొహమాటపడ్డారు మీరు, ఆవిడ బస్సెక్కి వచ్చి మరీ అడిగారు. నిజం చెప్పమంటే నాకు ఆవిణ్ణే తీసుకోవాలనిపించింది. ఏం చేస్తాం, ఆవిడకి వాటాలున్నాయి."

సంతకం పెట్టి ఇంటికొస్తే ఇద్దరూ టీ తాగుతూ నా చాక్లెట్లు తింటున్నారు.

"విడాకులు ఇప్పుడా, భోజనం చేశాకా?" అంది మా ఆవిడ.

"భోజనం చేశాక," అన్నాను, తలెత్తకుండా.

అత్తగారు చివరి చాక్లెట్టు నాకే ఇచ్చారు. నేను నమలడం అయ్యేదాకా ఆగి అడిగారు. "మా ఫ్యాక్టరీ లెక్కలు నువ్వు చూస్తావా?"

"చూడకూడదట అత్తయ్యా."

"మరి నువ్వు చేరి ఏం లాభం?"

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున నేను నా తెలివంతా ఉపయోగించాను. సాక్సులు, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాను. విచిత్రంగా అత్తగారు ఇంట్లోనే లేరు. గుమ్మం పొడిగా ఉంది. బతికిపోయాననుకుని, లిఫ్టులో తాపీగా సాక్సులు తొడుక్కుని, బూట్లు బిగించుకుని కిందికి దిగాను.

వీధి గుమ్మం దగ్గర బకెట్టుతో నిలబడి ఉన్నారు.